కోడ్ వెనక రసీదు పుస్తకం

తెలుగులో టైపు చేస్తున్నప్పుడు తప్పు పడిన మాట కింద ఎర్రగీత గీసి, సరైన రూపాన్ని సూచించే చిన్న సాఫ్ట్‌వేర్ మాది. డబ్బు కట్టకుండా ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చూడవచ్చు, తమ అవసరానికి మార్చుకోవచ్చు. బడిలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన మాస్టార్లు, ఇంజనీరింగ్ విద్యార్థులు, పత్రికల్లో ప్రూఫులు దిద్దినవాళ్లు, మాదాపూర్ ఆఫీసుల్లో పనిచేసే నాలాంటివాళ్లు తీరిక చేసుకుని దీనికి పనిచేస్తారు. ఈ పనికి అండగా హైదరాబాదులో ఒక చిన్న సొసైటీ ఉంది. దానికి నేను కార్యదర్శిని. సాఫ్ట్‌వేర్ గురించి అడిగేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. ఈ మధ్య మాత్రం ఫాంట్లు చేసే ఒక బృందం, పాత పుస్తకాలు స్కాన్ చేసే మరో బృందం వచ్చి, సొసైటీని ఎలా నిలబెట్టుకుంటున్నారో చెప్పమన్నాయి. వాళ్లకు చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఈ పని ఎందుకు ఎప్పటికీ అయిపోదో చెప్పాలి. ఇంగ్లీషులో ఒక క్రియకు నాలుగైదు రూపాలుంటే, తెలుగులో ‘వెళ్లు’ అన్న ఒక్క ధాతువు నుంచే వెళ్తున్నాను, వెళ్లలేదు, వెళ్లకపోతే, వెళ్లలేకపోయినవాళ్లకు అంటూ వందల రూపాలు పుడతాయి. పైగా మాటలు సంధితో కలిసిపోతాయి. అన్నిటినీ జాబితాగా రాసి పెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే ధాతువులను, ప్రత్యయాలను విడివిడిగా పెట్టి, ఏది దేనితో ఎలా కలుస్తుందో నియమాలు రాస్తాం. దీనికి హన్‌స్పెల్ అనే ఇంజన్ వాడుతున్నాం. అది హంగేరియన్ భాష కోసం పుట్టింది. ఆ భాషలోనూ ప్రత్యయాలు ఇలాగే ఒకదాని వెంట ఒకటి అతుక్కుంటాయి. ఉత్తరాలూ పుస్తకాలూ టైపు చేసే లిబ్రెఆఫీస్, ఇంటర్నెట్ చూసే ఫైర్‌ఫాక్స్ కూడా ఆ ఇంజన్నే వాడతాయి. కొత్త మాటలు రోజూ వస్తాయి, పాత నియమాల్లో లోపాలు రోజూ బయటపడతాయి. చిన్న ప్రచురణకర్తలు ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న ఫైళ్లను ఇప్పటి ప్రామాణిక పద్ధతి యూనికోడ్‌లోకి మార్చినప్పుడు దొర్లే తప్పులు పట్టుకోవడానికి మా సాఫ్ట్‌వేర్‌నే వాడుతున్నారు. ఇలాంటి పనికి ఒకసారి పెద్ద మొత్తం ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు. ప్రతి నెలా కొంత కావాలి.

మొదట్లో సొసైటీ లేదు. వెబ్‌సైటు పేరు ఒక విద్యార్థి పేరు మీద ఉండేది. సర్వరు అద్దె ఇంకొకరి క్రెడిట్ కార్డు మీద పోయేది. ఎవరైనా విరాళమిస్తే మూడో మనిషి ఫోనుకు వచ్చేది. అందరూ నిజాయితీపరులే, ఎవరి మీదా ఎవరికీ అనుమానం లేదు. ఆ విద్యార్థి ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్లాడు. ఇక్కడి ఫోను నంబరు ఆగిపోయింది, గడువు ముగుస్తోందని చెప్పే మెయిళ్లు అతను తెరవడం మానేసిన చిరునామాకు వెళ్లాయి. ఒక ఆదివారం పొద్దున వెబ్‌సైటు తెరుచుకోలేదు. ఆ పేరును వేరొకరు కొనకముందే చూసుకున్నాం కాబట్టి దక్కింది. ఒక వ్యక్తి చదువుకో ఉద్యోగానికో ఊరు మారితే అందరి శ్రమా కనబడకుండా పోయే పరిస్థితి ఇక ఉండకూడదని ఆ వారమే నిర్ణయించుకున్నాం.

ట్రస్టు పెట్టాలా, సొసైటీ పెట్టాలా, కంపెనీల చట్టంలోని 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీ పెట్టాలా అని చర్చ జరిగింది. కంపెనీ అయితే ఏటా దాఖలు చేయాల్సిన పత్రాల బరువు మాకు ఎక్కువనిపించింది. ట్రస్టులో పెత్తనం స్థాపకుల చేతిలో ఉండిపోయే అవకాశం ఉంది. సొసైటీకి సర్వసభ్య సమావేశం ఉంటుంది, ఎన్నికలుంటాయి, సభ్యులు కార్యవర్గాన్ని మార్చగలరు. స్వచ్ఛందంగా నడిచే ప్రాజెక్టుకు అదే తగినదని తేల్చుకున్నాం. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో చేసిన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే తెలంగాణలోనూ కొనసాగుతోంది. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. 2021లో నల్లకుంటలోని ఒక మాస్టారు గారి ఇంటి చిరునామాతో నమోదు చేయించాం.

నియమావళి రాసేటప్పుడు మేము గట్టిగా పట్టుబట్టిన విషయం ఒకటుంది. వెబ్‌సైటు పేరు, సర్వరు ఖాతా, సాఫ్ట్‌వేర్ కొత్త విడుదలలు మావేనని సంతకం చేసే డిజిటల్ తాళంచెవి, బ్యాంకు ఖాతా సొసైటీ చేతిలో ఉంటాయి. కోడు, పదాల దత్తాంశం మాత్రం రాసినవాళ్లవే. లైసెన్సు ద్వారా అవి అందరికీ అందుతాయి. ఒక మాట తప్పా ఒప్పా అన్నది కార్యవర్గం ఓటు వేసి తేల్చకూడదు. పదాల సంగతి పదాల మీద పనిచేసేవాళ్లే చూసుకోవాలి. ఈ గీత మొదటే గీసుకోబట్టి, డబ్బు విషయంలో ఎంత వాదించుకున్నా ఆ వేడి ప్రాజెక్టుకు తగలలేదు. కొత్తగా సంస్థ పెట్టేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే.

మా కోశాధికారి ఒక జాతీయ బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యారు. అందరం ఆయన్ని బాబాయి గారూ అని పిలుస్తాం. మొదటి సమావేశంలోనే ఆయన నాతో, “అమ్మా, సర్వరు అద్దె ఒక నెల ఆలస్యమైతే ఫరవాలేదు, వాళ్లు గుర్తు చేస్తారు. ఆడిటరు ఫీజు ముందు పక్కన పెట్టు. లెక్క తప్పితే మనకు గుర్తు చేసేవాళ్లుండరు, నోటీసే వస్తుంది” అన్నారు. ఆ మాట ఇప్పటికీ మా బడ్జెట్‌లో మొదటి వరుస.

పన్ను శాఖ దగ్గర నమోదు (1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ పేరుతో 12ఎ అంటారు) ఉంటేనే సంస్థ ఆదాయానికి మినహాయింపు. అదే చట్టంలోని 80జి పేరుతో పిలిచే గుర్తింపు కూడా ఉంటే దాతలకు కూడా కొంత పన్ను తగ్గుతుంది. 2021 నుంచి కొత్త సంస్థలకు ముందు మూడేళ్లకు తాత్కాలిక నమోదు ఇచ్చి, పని చూశాక ఐదేళ్లకు ఇచ్చేవారు. చిన్న సంస్థలకు 2025 బడ్జెట్‌లో 12ఎ నమోదుకున్న ఈ ఐదేళ్ల గడువును పదేళ్లకు పెంచారు. మాలాంటివాళ్లకు అది పెద్ద ఊరట. మా పని చట్టం చెప్పే ధార్మిక ప్రయోజనాల్లో దేని కిందకు వస్తుందన్న దగ్గర ఆడిటరు గారు చాలాసేపు ఆగారు. విద్య అనవచ్చా, ప్రజలకు సాధారణంగా ఉపయోగపడే ప్రయోజనం అనాలా? రెండోదే నిజాయితీగా సరిపోతుంది. అయితే దానితో ఒక షరతు వస్తుంది. వ్యాపారం తరహాలో వచ్చే రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. ఒక ప్రచురణ సంస్థ తమ సాఫ్ట్‌వేర్‌లో మా తనిఖీని అమర్చిపెడితే మంచి మొత్తం ఇస్తామన్నప్పుడు ఈ షరతే అడ్డొచ్చింది. ఆ పనిని మా వాలంటీర్లలో ఒకరు సొంతంగా ఒప్పుకుని చేసి, మార్పులన్నీ ప్రాజెక్టుకు తిరిగి ఇచ్చారు. సొసైటీ ఖాతాలో రూపాయి పడలేదు, కోడు మాత్రం మెరుగుపడింది. నాకు ఆ ఏర్పాటు ఇప్పటికీ నచ్చుతుంది.

80జి మీద మేము పెట్టుకున్నంత ఆశ పెట్టుకోవద్దని ఇతర బృందాలకు చెబుతున్నాను. మా దాతల్లో ఎక్కువమంది జీతగాళ్లు. 2023 బడ్జెట్ తర్వాత కొత్త పన్ను విధానమే అప్రమేయంగా వర్తిస్తోంది. అందులో 80జి తగ్గింపు లేదు. గచ్చిబౌలిలో పనిచేసే ఒక స్నేహితుడు, “అక్కా, మీరు పంపిన సర్టిఫికెట్‌తో నాకు ఇప్పుడు ఉపయోగం లేదు, అయినా డబ్బు పంపుతూనే ఉంటాను” అన్నాడు. అప్పటి నుంచి అడిగే తీరు మార్చాం. పన్ను ఆదా అన్న మాటను విజ్ఞప్తిలో చివరికి తోసి, నెలకు రెండు వందలు ఇస్తే ఏ ఖర్చులో ఎంత భాగం తీరుతుందో ముందు రాస్తున్నాం. ఏడాదికోసారి పెద్ద మొత్తం ఇచ్చేవారి కంటే నెలనెలా చిన్న మొత్తం బ్యాంకుకు చెప్పి పంపించేవారి మీదే మా సంస్థ నిలబడింది. వచ్చే నెల ఎంత వస్తుందో తెలిస్తేనే ఎవరికైనా మాట ఇవ్వగలం.

ఇక అమెరికా సంగతి. హైదరాబాదులో ఏ మంచి పని మొదలుపెట్టినా డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు సాయం చేస్తామంటారు. చాలా ప్రేమతో అంటారు. కానీ విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఉంది. 2010 నాటి ఆ చట్టాన్ని 2020లో ఇంకా బిగించారు. దాని కింద నమోదు కావాలంటే సంస్థకు మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో తన ఆశయాల కోసం కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి, విదేశీ విరాళాలు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. మా ఖర్చు ఆ 15 లక్షల దరిదాపుల్లో లేదు. ఇక్కడ చాలామందికి తెలియని తేడా ఒకటుంది. అక్కడ ఉద్యోగం చేస్తున్నా భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే, భారత సంతతి విదేశీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అందుకని విదేశాల్లో ఉన్న ప్రతి దాతనూ భారత పాస్‌పోర్టు నకలు అడుగుతాం. అడగడం మొహమాటంగానే ఉంటుంది.

న్యూజెర్సీ నుంచి ఒక పెద్దాయన ఫోను చేశారు. పాతికేళ్లుగా అక్కడి పౌరుడు. వరంగల్‌లో ఉన్న తన తల్లి ఖాతాకు డబ్బు పంపి, ఆమె చేత మాకు ఇప్పిస్తానన్నారు. వద్దన్నాను. “తెలుగు కోసం నేనివ్వడానికి కూడా పనికిరానా అమ్మా?” అని అడిగారు. ఆ ప్రశ్నకు చాలా బాధపడ్డాను. చట్టం కన్నుగప్పే దారిలో వచ్చిన డబ్బుతో ఒక ప్రజాసంస్థను నడపకూడదని మాత్రం నాకు స్పష్టంగా తెలుసు. ఒక్క ఫిర్యాదుతో ఇన్నేళ్ల పని అనుమానం పాలవుతుంది. డబ్బుకు బదులు సమయం ఇవ్వమని అడిగాను. ఇప్పుడు ఆయన వ్యవసాయం మాటలు సరిచూస్తున్నారు. మడి, గట్టు, నాగలి, కాడి చుట్టూ ఉన్న పదజాలం ఆయన చూశాక ఎంతో చిక్కబడింది.

డిసెంబరులో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాలు పంచుకోవడం మాకు అన్నిటికంటే మేలు చేసింది. ఇందిరా పార్కు పక్కన ఎన్టీఆర్ స్టేడియంలో సాయంత్రాలు వచ్చే జనంలో తెలుగు చదివేవాళ్లే ఎక్కువ. అక్కడ క్యూఆర్ కోడ్ పెట్టేస్తే చాలని కుర్రవాళ్లు అన్నారు. ఆడిటరు గారు ముందే హెచ్చరించారు. ఇచ్చినవారి పేరు, చిరునామా రాసుకోని విరాళం చట్టం దృష్టిలో అనామక విరాళం. అలాంటివి ఏడాదిలో లక్ష రూపాయలు గానీ, మొత్తం విరాళాల్లో 5 శాతం గానీ, రెంటిలో ఏది ఎక్కువైతే దాన్ని మించితే, మించిన దాని మీద 30 శాతం పన్ను పడుతుంది. మేము ఆ హద్దుకు చాలా దూరంలో ఉన్నా, అలవాటు మొదటి నుంచీ సరిగా ఉండాలని క్యూఆర్ కోడ్ పక్కనే రసీదు పుస్తకం పెట్టాం. పేరు రాసి, రసీదు చించి ఇచ్చేటప్పుడు మనిషితో రెండు మాటలు మాట్లాడతాం. ఆ రెండు మాటల్లోనే మా వాలంటీర్లు దొరికారు. చిక్కడపల్లిలో డీటీపీ కేంద్రం నడిపే ఒకావిడ వంద రూపాయలిచ్చి, మా జాబితాలో శుభలేఖల మాటలు చాలా తప్పుగా ఉన్నాయని అక్కడే నిలబడి చెప్పారు. ఇప్పుడు ఆ విభాగమంతా ఆవిడ చేతిలోనే ఉంది.

పెద్ద కంపెనీల సామాజిక బాధ్యత నిధుల కోసం కూడా తిరిగాం. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీ వారు మర్యాదగా విన్నారు. లబ్ధిదారులెందరు, ఏ జిల్లా, ఫొటోలున్నాయా అని అడిగారు. మార్చి 31లోపు ఖర్చయిపోవాలన్నారు. ఎర్రగీత చూసి మాట దిద్దుకున్న మనిషికి ఫొటో ఉండదు. ఆ నిధులు బడి కట్టడానికో మరుగుదొడ్లకో బాగా సరిపోతాయి, ఏళ్ల తరబడి సాగే నిర్వహణ పనికి సరిపోవు. మాలా కోడును అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకే ప్రత్యేకంగా డబ్బిచ్చే ఏర్పాట్లు మన దేశంలోనూ మొదలయ్యాయి. షేర్ల బ్రోకింగ్ కంపెనీ జెరోధా 2024లో ఏటా 10 లక్షల డాలర్ల వరకు ఇచ్చే నిధిని ప్రకటించింది. ఇలాంటివి ఇంకా రావాలి.

అన్నిటికంటే కష్టమైన నిర్ణయం, ఒక మనిషికి డబ్బు ఇవ్వడం. ప్రాజెక్టు విడుదలలన్నీ హనుమకొండలో ఉండే ఒక తమ్ముడు చూసేవాడు. పగలు ఉద్యోగం, రాత్రి మా పని. వచ్చిన ప్రతి మార్పునూ పరీక్షించి, లిబ్రెఆఫీస్‌కు ఒక రూపంలో, ఫైర్‌ఫాక్స్‌కు ఇంకో రూపంలో కట్టి, ఫిర్యాదులకు జవాబులు రాసేవాడు. 2024 వేసవిలో, ఇక తన వల్ల కాదని, ఇంట్లో పాప పుట్టిందని రాశాడు. కార్యవర్గంలో ఒక మాస్టారు గారు, “భాష కోసం చేసే పనికి జీతమేమిటి? ఒకరికి ఇస్తే మిగతావాళ్లు మేమెందుకు ఊరికే చేయాలనుకోరా?” అన్నారు. ఆ భయం నిజమైనదే. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను.

నా మనసు మార్చింది ఆ ఏడాది మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ (XZ) వ్యవహారం. ఫైళ్లను కుదించడానికి లినక్స్ కంప్యూటర్లలో దాదాపు అంతటా ఉండే ఆ చిన్న సాధనాన్ని ఏళ్ల తరబడి ఒకే మనిషి ఊరికే చూసుకుంటూ వచ్చాడు. అతను అలసిపోయిన సమయంలో సాయం చేస్తానని వచ్చిన మరో వ్యక్తి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించుకుని, 2024లో అందులో దొంగదారి పెట్టాడు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఒక ఇంజనీరు ఆరా తీయబట్టి అది దొరికింది. అంతకు పదేళ్ల ముందు, 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు, ఇంటర్నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా పంపడానికి లోకమంతా వాడే, ఆ లోపం ఉన్న ఓపెన్ఎస్ఎస్ఎల్‌కు అండగా నిలిచిన సంస్థకు ఏటా విరాళాలుగా వచ్చేది దాదాపు 2,000 డాలర్లేనని తెలిసింది. మా సాఫ్ట్‌వేర్ వాటితో పోలిస్తే చిన్నదే. కానీ అలసిన మనిషి ఒక్కడి మీద అంతా ఆనించి ఉంచడం ఎక్కడైనా ఒకటే. ఈ రెండు సంగతులూ సమావేశంలో చదివి వినిపించాను. మాస్టారు గారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే అడిగారు, “ఎవరూ ఇష్టపడి చేయని పనులేవో ముందు రాయండి” అని.

ఆ ప్రశ్నే దారి చూపింది. కొత్త మాటలు చేర్చడం, నియమాలు రాయడం, ఏది ప్రామాణికమో వాదించుకోవడం అందరూ ఇష్టంగా చేస్తారు. వాటికి డబ్బు ఇవ్వం. విడుదలలు సిద్ధం చేయడం, సర్వరును తాజాగా ఉంచడం, ఫిర్యాదులను వేరుచేసి సరైనవారికి పంపడం ఎవరూ ముందుకు వచ్చి అడిగే పనులు కావు. వాటికి నెలకు ఇన్ని గంటలని లెక్కగట్టి ఇస్తాం. అలా ఇవ్వడానికి ముందు ఆ తమ్ముడు కార్యవర్గం నుంచి తప్పుకున్నాడు. సంస్థను నడిపేవారికే సంస్థ డబ్బిస్తే, అది చేసిన పనికి తగినంతే ఉందని పన్ను శాఖకు చూపించవలసి ఉంటుంది. నిర్ణయించేవారూ తీసుకునేవారూ వేరైతే సభ్యులకూ మనశ్శాంతి. అతను ప్రతి నెలా చేసిన పనిని ఒక పేజీలో రాసి సభ్యులందరికీ పంపుతాడు. మాస్టారు గారు భయపడినట్టు వాలంటీర్లు తగ్గలేదు. తాము పంపిన సవరణ వారంలోపు విడుదలలో కనిపిస్తుంటే ఇంకా ఎక్కువమంది పంపుతున్నారు. ఇప్పుడు అతనితో పాటు జేఎన్‌టీయూలో చదువుతున్న ఒక అమ్మాయి కూడా విడుదల చేయడం నేర్చుకుంది. డిజిటల్ తాళంచెవి ఇద్దరి దగ్గరా ఉంది.

నిల్వ నిధి గురించి ఒక మాట. ఏడాది పాటు విరాళాలు రాకపోయినా సర్వరు, ఆడిటు, ఆ నెలసరి చెల్లింపు ఆగకూడదని మా లక్ష్యం. కానీ పన్ను మినహాయింపు కావాలంటే ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ ఏడే ఖర్చు చేయాలి. మిగతా 15 శాతమే ఊరికే దాచుకోవచ్చు. అంతకు మించి దాచాలంటే ఎందుకోసమో తీర్మానం చేసి పన్ను శాఖకు తెలపాలి. రెండో దారి, దాత స్వయంగా ఇది మూలధన నిధికి అని రాసి ఇవ్వడం. అలా వచ్చినదాన్ని విడిగా, చట్టం అనుమతించిన పెట్టుబడుల్లోనే ఉంచాలి. బాబాయి గారు ఆ ఉత్తరం నమూనా ఒకటి తెలుగులో రాసి ఉంచారు. పెళ్లిరోజులకూ పుట్టినరోజులకూ కొందరు సభ్యులు దాన్ని నింపి పంపుతున్నారు. ప్రస్తుతం ఎనిమిది నెలల ఖర్చుకు సరిపడా చేరింది.

నా పదవీకాలం ఈ ఏడు ముగుస్తుంది. నియమావళి ప్రకారం మళ్లీ పోటీ చేయవచ్చు, చేయడం లేదు. నా తర్వాత కార్యదర్శిగా రాబోయేది ఉప్పల్‌లో ఉండే ఒక లైబ్రేరియన్. ఆరు నెలలుగా నాతోపాటే అన్ని పనులూ చూస్తోంది. దాతల వివరాలు మే 31లోపు పన్ను శాఖకు పంపడం, సర్వసభ్య సమావేశం, కొత్త కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు ఇవ్వడం, సెప్టెంబరులో ఆడిటు నివేదిక, అక్టోబరులో రిటర్ను, వెబ్‌సైటు పేరు గడువు, అన్నీ ఒకే కాగితం మీద తేదీలతో రాసి ఇద్దరం గోడకు అంటించుకున్నాం. ఎన్నిక అయిన మర్నాడు బ్యాంకుకు వెళ్లాలి. సంతకాలు మార్చడానికి తీర్మానం ప్రతి, సమావేశం మినిట్స్, అందరి ఆధార్, పాన్ నకళ్లు తీసుకురమ్మన్నారు.